చచ్చినోళ్ల మీద తప్పు

నాకు విమానాల పిచ్చి. ఉద్యోగం కోసం శాన్ డియేగో వచ్చాక ఆ పిచ్చికి తగ్గ చోటే దొరికింది. ఇక్కడ మిరామార్‌లో అమెరికా మెరైన్ సేన స్థావరం ఉంది. అక్కణ్ణుంచి ఆస్‌ప్రేలు లేస్తాయి. ఆస్‌ప్రే అంటే చేపల్ని తన్నుకుపోయే గద్ద. ఈ గద్దకి రెక్కల చివర రెండు ఇంజన్లు, ఒక్కోదానికి 38 అడుగుల మేర తిరిగే మూడు రేకుల పంకా. ఇంజన్లు ఆకాశం వైపు నిలబడితే హెలికాప్టర్, ముందుకి వాలితే విమానం. ఆ వాలటం చూసి తీరాలి. ఇప్పటిదాకా గాల్లో నిలబడి ఉన్నది చూస్తుండగానే రూపం మార్చుకుని, గంటకి 500 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఒక ఇంజన్ ఆగినా, రెక్క లోపల్నుంచి పోయే ఇరుసు రెండో ఇంజన్ బలంతోనే రెండు పంకాల్నీ తిప్పుతుంది. ఆ ఇరుసు పెట్టినోళ్లకి దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

"యుద్ధానికి చేసిన యంత్రం మీద నీకు ప్రేమేందిరా?" అని మా అన్న ఫోన్లో తిడతాడు. నిజమే, యుద్ధానికి చేసిందే. 1980లో ఇరాన్‌లో బందీల్ని విడిపించబోయి, హెలికాప్టర్లు మొరాయించి, ఎడారిలో ఎనిమిది మంది అమెరికా సైనికులు చచ్చారు. దూరం పోగలిగి, నిటారుగా దిగగలిగే యంత్రం కావాలని అప్పుడు పట్టుబట్టారు. ఆలోచన పాతదే. బెల్ కంపెనీవాళ్ల ఎక్స్‌వి-3 1958లోనే గాల్లో రూపం మార్చింది. బెల్, బోయింగ్ కలిసి చేసిన ఆస్‌ప్రే 1989 మార్చి 19న మొదటిసారి ఎగిరింది. ఆ ఏడే రక్షణ మంత్రి డిక్ చెనీ ఖర్చెక్కువని దాన్ని ఆపబోతే, కాంగ్రెస్ ఆపనివ్వలేదు.

తర్వాత చావులు. 1992లో ఏడుగురు. 2000 ఏప్రిల్‌లో 19 మంది, డిసెంబర్‌లో నలుగురు. 2007లో సైన్యం వాడకంలోకి వచ్చేలోపే 30 మంది పోయారు. డిసెంబర్‌లో వైర్ల కట్ట ఒరుసుకుని హైడ్రాలిక్ గొట్టం పగిలింది. దానికి కంప్యూటర్ ప్రోగ్రాం లోపం తోడైంది.

నా మనసు మాత్రం ఆ ఏప్రిల్ దగ్గరే ఆగిపోతుంది. అరిజోనాలో మరానా అనే చోట, రాత్రిపూట కసరత్తు. ముందుపోయే విమానం వెంట దిగుతున్న ఆస్‌ప్రే ఒకటి తిరగబడి నేలకి కొట్టుకుంది. ముందుకి పోయే వేగం తగ్గి, కిందికి దిగే వేగం పెరిగితే, పంకా తాను కిందికి తోసిన గాలి సుడిలోనే తాను పడుతుంది. ఇక ఎత్తే బలం ఉండదు. ఒక పక్క పంకాకే ఆ గతి పడితే విమానం బోర్లా తిరుగుతుంది. ఈ సుడి మీద గట్టి పరీక్షలు జరిగింది ప్రమాదం తర్వాత. హెచ్చరించే పరికరం పెట్టిందీ తర్వాతే. సైన్యం వేలు చూపింది మాత్రం పైలట్ల మీదికి: జాన్ బ్రో, బ్రూక్స్ గ్రూబర్. జవాబు చెప్పటానికి ఇద్దరూ లేరు.

వాళ్ల భార్యలు ఊరుకోలేదు. కాంగ్రెస్ సభ్యుడు వాల్టర్ జోన్స్ వాళ్ల వెంట నిలబడ్డాడు. 2016లో గాని, ఆ ఇద్దర్నీ తప్పుపట్టటం సరికాదని రక్షణ శాఖ ఉపమంత్రి రాబర్ట్ వర్క్ రాసివ్వలేదు. పదహారేళ్లు!

మా అయ్య రైసుమిల్లులో కూలి. తిరిగే బెల్టుకి అడ్డు లేదు. చొక్కా చిక్కుకుని ఆయన చచ్చిపోయాడు. 'కూలివాడి అజాగ్రత్త' అని కాయితం రాసి మా అమ్మ చేత వేలిముద్ర వేయించుకున్నారు. ఆ కాయితంలో ఏముందో ఆమెకి చదివి చెప్పినోడు లేడు. "మీ అయ్య శానా మెలకువైన మనిషిరా" అని చచ్చేదాకా అంటానే ఉంది. అధికారుల పెళ్లాలకే, అంత అండ ఉండి కూడా, పదహారేళ్లు పట్టింది. మా అమ్మ గోడు ఎవరు వింటారు?

2022లో కాలిఫోర్నియా ఎడారిలో ఆస్‌ప్రే కూలి ఐదుగురు పోతే, తప్పు క్లచ్‌ది, మనుషులది కాదని మరుసటేడు విచారణ తేల్చింది. 2023 నవంబర్‌లో జపాన్ దగ్గర ఎనిమిది మంది పోయారు. గేరు విరిగిందని రాస్తూనే, త్వరగా దించలేదని సిబ్బందినీ అన్నారు.

మీలో రేపు ఇంజనీర్లు, లాయర్లు, సంఘం నడిపేవాళ్లు అవుతారు. ప్రమాదం జరిగినచోట 'నిర్లక్ష్యం' అనే మాట రాసేముందే అడ్డం పడండి. బెల్టుకి అడ్డెందుకు లేదో, పరీక్షలెందుకు మిగిలిపోయాయో ముందు రాయమనండి.