అత్తమ్మలు నీళ్లలో దిగిన రోజు

మా చిన్నప్పుడు నాదర్‌గుల్‌లో నీళ్లంటే మోత. ఇంట్లో ఆడవాళ్లు పొద్దు పొడవకముందే బోరింగు కాడ బిందెలు వరస పెట్టేవాళ్లు. నెత్తిన ఒకటి, చంకన ఒకటి. ఎండాకాలం బోరింగు ఎంత కొట్టినా నీళ్లు పడకపోతే చేన్ల బావుల దాకా నడిచేవాళ్లు. మా ఊరికి పిల్లనిచ్చేవాళ్లు భూమెంత, చదువెంత అని అడిగినాక, నీళ్లెంత దూరమని కూడా అడిగేవాళ్లు. చెరువుంది గానీ అది పొలాలకు, బర్లకు. ఆడవాళ్లు అందులో కాలు పెట్టేది ఏడాదికొక్కసారి, సద్దుల బతుకమ్మ నాడు. అదీ పూలను సాగనంపేంత సేపు, మోకాలు తడిసేంత లోతు.

ఈ సంగతి తెలియకపోతే, తొంభయిల తొలినాళ్లలో ఒక దసరా సెలవుల్లో మా కుటుంబమంతా నాగార్జునసాగర్ పోయిన రోజు మాకెందుకంత పెద్దదో అర్థం కాదు. హైదరాబాద్ చుట్టుపక్కల వాళ్లకు సముద్రం ఎక్కడిది? బాపట్ల పక్కన సూర్యలంకకు పోవాలంటే మూడు వందల కిలోమీటర్లు. అప్పటికి మా ఇంట్లో సముద్రం చూసినవాళ్లు ఒక్కరు లేరు. మా ఎరుకలో పెద్ద నీళ్లంటే సాగరే. మా ఊరి పక్కనే గుర్రంగూడ, తుర్కయాంజాల్ మీదుగా పోయే రోడ్డు పేరే సాగర్ రోడ్డు. రోజూ ఆ రోడ్డెక్కి దిల్‌సుఖ్‌నగర్ వైపు పోయేవాళ్లమే తప్ప, రెండో దిక్కు చివరిదాకా పోయింది మా చిన్నతాత ఒక్కడే.

ఆ ఏడు టమాటకు రేటు పలికింది. మాదన్నపేట మార్కెట్టుకు సరుకు తోలే డీసీఎం వ్యానునే పెద్దనాయిన ఒక రోజుకు మాట్లాడాడు. ముందు రోజు సాయంత్రం దాన్ని బావి కాడికి తెచ్చి కడిగారు. అడుగున వరిగడ్డి, దాని మీద తాడిపత్రి, ఆ పైన జంపఖానాలు. ఎంత కడిగినా టమాట వాసన పోలేదు. పండుగకు పుట్టింటికి వచ్చిన మేనత్తలు, వాళ్ల పిల్లలు, ముగ్గురు చిన్నమ్మలు, వదినెలు, మా నాయినమ్మ, తాత, చిన్నతాత, చంకలో పసిపిల్లలు. బగోనలు, కట్టెలు, బియ్యం మూట, పండుగకు చేసిన సకినాల డబ్బాలు. కోడి కూసే వేళకు బండి కదిలింది. ఊరి బయట విమానాల మైదానం చీకట్లో ఖాళీగా ఉంది. శిక్షణ విమానాలు ఎగురుతుంటే రోజూ తలలెత్తి చూసే పిల్లలం, ఆ రోజు దాని వైపు చూడనే లేదు.

ఇబ్రహీంపట్నం చెరువు దాటేసరికి తెల్లారింది. యాచారం దాటి మాల్ దగ్గర చాయ్ తాగారు. అక్కడి నుంచి దారి పక్క పల్లెల్లో నేను చూసిన మనుషుల్ని ఇప్పటికీ మరువలేదు. చింతపల్లి దాటాక ఒక బోరింగు కనబడితే నాయినమ్మ బండి ఆపించింది. బిందె పెట్టబోతుంటే అక్కడి ఒకామె పరుగున వచ్చింది.

"ఈ నీళ్లు తాగకుర్రమ్మా, బొక్కలు వంగిపోతయ్. పిల్లలున్నరు గద."

ఆమె వెనక అరుగు మీద ఒక అబ్బాయి కూర్చున్నాడు. నా వయసే ఉంటుంది. కాళ్లు రెండూ మోకాళ్ల దగ్గర లోపలికి వంగి ఉన్నాయి. ఫ్లోరైడ్ అనే మాట అప్పుడు నాకు తెలియదు. మర్రిగూడ, చింతపల్లి పల్లెల్లో తరాలుగా భూమిలోని నీళ్లే ఎముకల్ని వంచుతున్నాయని తర్వాత చదువుకున్నాను. నాయినమ్మ ఖాళీ బిందెతో బండెక్కి చాలాసేపు మాట్లాడలేదు. నీళ్లు దూరమని బాధపడటమే తెలుసు మాకు. ఉన్న నీళ్లకే భయపడే ఊళ్లుంటాయని ఆ రోజే తెలిసింది.

పెద్దవూర దాటి, గుట్టల మలుపు తిరగ్గానే డ్యాం కనబడింది. పిల్లలం కేకలు పెట్టాం. చిన్నతాత మాత్రం లేచి నిలబడి, వ్యాను పక్క చెక్కను రెండు చేతులా పట్టుకున్నాడు. కరువు కాలంలో వయసు పిల్లగాడిగా ఇల్లు విడిచి, పాలమూరు కూలీల గుంపులో కలిసి ఆ కట్ట మీద రాళ్లు మోసినవాడు ఆయన. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేశాడనీ, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలిందనీ మా స్కూలు పుస్తకంలో ఉండేది. ఆ రెండు తేదీల నడుమ వేలమంది మనుషులున్నారని మాకు చెప్పింది చిన్నతాతే. సిమెంటు, ఇనుము కొరతగా ఉన్న కాలం. మనుషులకు మాత్రం కొరత లేదు. అందుకే అంత ఎత్తు కట్టనూ రాతితో కట్టారు. నూట ఇరవై నాలుగు మీటర్లు. తట్ట మీద తట్ట, మెట్టు మీద మెట్టు.

"ఎన్ని గేట్లున్నయో లెక్కవెట్టుర్రి" అన్నాడు మాతో.

ఇరవయ్యారు. పిల్లలం ఒకరొక లెక్క చెప్పాం. ఆయన నవ్వి, వేలితో ఎడమ దిక్కు చూపించాడు. "ఆడ, అంత కిందికి ఉన్నప్పుడు పనిజేసిన. నా రాళ్లు నీళ్ల కిందున్నయ్ ఇప్పుడు." ఆ గొంతులో ఎంత గర్వముందో! మా నాయిన ఆయన భుజం మీద చెయ్యి వేసి అట్లాగే నిలబడ్డాడు. వాళ్లిద్దరి మధ్య అప్పటికి ఏడాదిగా మాటల్లేవని, గట్టు తగాదా అని నాకు పెద్దయ్యాక తెలిసింది.

అవతలి ఒడ్డుకు పోయి, విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాం. నాగార్జునకొండకు దాదాపు గంట. నడి నీళ్లలోకి పోయాక ఒడ్డు సన్నని గీతై, నాలుగు దిక్కులా నీళ్లే. లాంచీలో చిన్నమ్మలు బతుకమ్మ పాట అందుకుంటే ముక్కూ మొహం తెలియని వాళ్లు కూడా చప్పట్లు కలిపారు. కొండ మీద మ్యూజియంలో పిల్లలకు పెద్దగా తోచలేదు. ఇక్ష్వాకుల కాలపు స్తూపాలు, విహారాలు లోయలో ఉండేవనీ, నీళ్లు నిండకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వి, కొన్నింటిని విప్పి కొండ మీదా అనుపు దగ్గరా మళ్లీ కట్టారనీ అక్కడి ఉద్యోగి చెప్పాడు. అదంతా విని తాత ఒక్కటే అడిగాడు: "మరి ఊర్లో?" మునిగిన పల్లెల మనుషుల్ని వేరే చోట్లకు పంపారని ఆయన బదులిచ్చాడు. ఆ రాళ్లను కాపాడటం గొప్ప పనే, నాకు సందేహం లేదు. కానీ తాత అడిగిన ప్రశ్న ఆ మ్యూజియంలో ఎక్కడా రాసి లేదు. ఉండాల్సింది.

తిరిగొచ్చేసరికి ఆకలి దంచుతోంది. డ్యాంకు దిగువన, కృష్ణ ఒడ్డు రాళ్ల మీద మూడు పొయ్యిలు వెలిగాయి. ఒకదాని మీద బగారన్నం, ఒకదాని మీద మాంసం, మూడో దాని మీద అప్పుడే పుట్టిలోంచి దించిన బొచ్చెచేపల పులుసు. చేపలమ్మినాయనే చెప్పాడు, పైన కరెంటు కోసం నీళ్లు వదిలితే ఇక్కడ మట్టం ఉన్నట్టుండి లేస్తుందని. చిన్నాయిన వెంటనే తాడిపత్రి కట్టే మోకు తెచ్చి, రెండు బండల నడుమ బిగించాడు. "ఈ మోకు దాటొద్దు" అని హద్దు పెట్టాడు.

పిల్లలం, మగవాళ్లం ముందే దిగాం. ఆడవాళ్లు ఒడ్డునే కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తున్నారు. మొదట లేచింది పెద్దత్తమ్మ. చీర కుచ్చిళ్లు ఎగదోపి, నది వైపు దండం పెట్టి, పాదాలు తడుపుకుంది. పిక్కలు. మోకాళ్లు. అక్కడ ఆగింది. బతుకమ్మ నాటి లోతు అది. ఒక్క క్షణం వెనక్కి తిరిగి నాయినమ్మను చూసింది.

"దిగవే, ఏం గాదు" అంది నాయినమ్మ.

నడుము. రొమ్ము. మెడ. మోకు పట్టుకుని ఒక్క మునక వేసి లేచింది, జుట్టు మొహమంతా పరుచుకుని, గట్టిగా నవ్వుతూ. ఆ నవ్వు విని నడిపత్తమ్మ, మా అమ్మ, చిన్నమ్మలు, వదినెలు ఒకరి వెనక ఒకరు దిగారు. మగవాళ్లు ఎవరూ చెప్పకుండానే బయటికొచ్చి పొయ్యిల దగ్గర కూర్చున్నారు. పెద్దనాయిన గరిటె పట్టడం నేను చూసింది ఆ రోజే.

మా అమ్మ అరచేతులతో నీళ్లు కొట్టడం చూశాను. ఇంట్లో చెంబెడు నీళ్లు ఒలికితే కోప్పడే మనిషి. దోసిళ్లకు దోసిళ్లు తీసి తోటికోడళ్ల మీద చల్లుతోంది, వాళ్లు తిరిగి చల్లుతున్నారు, ఎవరికీ ఎవరి మీదా ఏ లెక్కా లేదు. నాయినమ్మను చేతులు పట్టి దించి, మోకు దగ్గర బండ మీద కూర్చోబెట్టారు. నీళ్లు ఆమె రొమ్ముల దాకా వచ్చాయి. పొద్దున్నే ఆపిన ఊరు గుర్తొచ్చిందో ఏమో, "ఇన్ని నీళ్లుండంగ ఆ పోరనికి అట్లెందుకాయె" అంది. బదులు ఎవరి దగ్గరా లేదు. అన్నం మాడిపోతోందని పెద్దనాయిన ఒడ్డు మీంచి అరిచినా ఎవరూ కదల్లేదు. అడుగంటిన బగారన్నమే తిన్నాం. దాని రుచి గురించి నేనేం రాసినా తక్కువే.

తర్వాత అందరం కలిసి మళ్లీ పోలేదు. చేన్లు పంచుకున్నారు, ప్లాట్లయ్యాయి, ఊరు బడంగ్‌పేటలో కలిసింది. చిన్నతాత, నాయినమ్మ పోయారు. 2004లో అదే సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు కోదండాపురం దగ్గర శుద్ధై, పెద్ద పైపుల్లో నూరు కిలోమీటర్లకు పైగా నడిచి మా వైపు సాహెబ్‌నగర్‌కు చేరాయి. ఫ్లోరైడ్ పల్లెల నుంచి ఆ పైపుల్ని చూస్తూ ఎదురుచూసినవాళ్ల పోరాటం కూడా మేం పేపర్లలో చదివాం. వాళ్లకు నీళ్లు మాకంటే ముందు రావాల్సింది. ఆ మాట ఎక్కడైనా చెబుతాను.

ఇప్పుడు మా వాళ్లు కర్మన్‌ఘాట్‌లో కొందరు, మీర్‌పేటలో కొందరు, అమెరికాలో ఇద్దరు. పెళ్లిళ్లకు కలుస్తాం. మొన్నొక పెళ్లిలో భోజనాలయ్యాక అత్తమ్మలు, చిన్నమ్మలు కుర్చీలు దగ్గరికి జరుపుకుని ఆ రోజు మోకు దాటిందెవరని వాదులాడుకున్నారు. చిన్నాయిన హద్దు దాటి రెండడుగులు పోయింది తానేనని మా అమ్మ అంది. కాదు, ముందు పోయింది తానని నడిపత్తమ్మ. మెడ లోతు దాకా మొదట దిగింది నేను గాదా అని పెద్దత్తమ్మ. డెబ్బై దాటిన ముగ్గురూ సాక్ష్యానికి నన్ను పిలిచారు.