పాఠం సగం... ఆట సగం!

బ్రిటన్‌కు ఇరవైమంది ప్రధానమంత్రుల్ని ఇచ్చిన బడి అది. అక్కడ చదవాలంటే ఏడాదికి 60 వేల పౌండ్లపైనే కట్టాలి. అంత కట్టించుకుని వాళ్లేం చేస్తారయ్యా అంటే... వారంలో మూడు మధ్యాహ్నాలు క్లాసులు ఆపేసి పిల్లల్ని మైదానానికి పంపేస్తారు! ఇంగ్లండులో థేమ్స్‌ నది ఒడ్డున ఉన్న ఈటన్‌ కాలేజీలో ఆటల కథ ఇది.

ఏటా నవంబరు చివర్లో ఈటన్‌ మైదానంలో ఓ చిత్రమైన పోటీ జరుగుతుంది. పేరు వాల్‌ గేమ్‌. మన మాటల్లో చెప్పాలంటే గోడాట! 1717లో కట్టిన ఇటుక గోడ, దాని వారన 5 మీటర్ల వెడల్పు, 110 మీటర్ల పొడవున పట్టీలాంటి నేల... అదే మైదానం. జట్టుకు పదిమంది. బంతి ఎక్కడుందో చూసేవాళ్లకు ఓ పట్టాన తెలీదు. కనిపించేదల్లా గోడకు అతుక్కుపోయి, ఒకరిమీద ఒకరు పడి, ఒళ్లంతా బురదతో, అంగుళం అంగుళం ముందుకు తోసుకునే కుర్రాళ్ల గుంపే. ఓ కొసన తోట తలుపు, రెండో కొసన చెట్టు... ఇవే గోలుపోస్టులు. గోలు కొడితే పండగే. కాకపోతే సెయింట్‌ ఆండ్రూస్‌ డే సందర్భంగా జరిగే ఈ పెద్ద పోటీలో చివరిసారి గోలు పడింది 1909లో!

వందేళ్లు దాటినా గోలు పడని ఆటను ఇంకా ఎందుకు ఆడుతున్నట్టు? ఆ సంగతి తెలియాలంటే ముందు ఆ ఊరు చూడాలి.

వంతెన దాటితే...

లండన్‌లోని వాటర్లూ స్టేషన్లో రైలెక్కితే గంటలో విండ్సర్‌. రాజుగారి కోట చూడ్డానికి వచ్చేవాళ్లతో ఆ ఊరు ఎప్పుడూ కిటకిటలాడుతుంటుంది. కోట చూసి కొండ దిగితే థేమ్స్‌ నది, నీళ్లలో హంసలు, దానిమీద పాత వంతెన. 1970 నుంచి ఆ వంతెన మీదికి వాహనాల్ని రానివ్వడం లేదు. నడిచి అవతలికి వెళ్తే ఈటన్‌ ఊరు. ఒకటే పెద్ద వీధి. అటూ ఇటూ దర్జీ దుకాణాలూ, కాఫీ హోటళ్లూ. వీధి చివర స్కూలు. స్కూలు చివర ఊరు. ఏది ఎక్కడ మొదలైందో కొత్తవాళ్లకు అర్థం కాదు.

మధ్యాహ్నం దాకా ఆ వీధిలో నల్లటి టెయిల్‌కోటు, చారల ప్యాంటు, తెల్లటి కాలరుతో పుస్తకాలు చంకన పెట్టుకుని పరుగెత్తే కుర్రాళ్లు కనిపిస్తారు. పెళ్లికి బయల్దేరిన పెళ్లికొడుకుల్లా ఉంటారు. మంగళ, గురు, శనివారాల్లో భోజనం అయ్యాక చూడాలి. ఆ పెళ్లికొడుకులే నిక్కర్లు వేసుకుని, మోకాళ్ల దాకా బురదతో తిరుగుతుంటారు. ఆ మూడు రోజులూ అక్కడ సగం పూట బడే. మిగతా సగం ఎక్కువగా ఆటలదే.

1440లో ఆరో హెన్రీ ఈ బడి పెట్టింది డబ్బున్న పిల్లల కోసం కాదు. 70 మంది పేద విద్యార్థులకు ఉచితంగా చదువు చెప్పడం కోసం! ఆ 70 సీట్లు ఇప్పటికీ ఉన్నాయి. పోటీ పరీక్ష రాసి గెలిచినవాళ్లకిస్తారు. వాళ్లు ‘కాలేజర్లు’. మిగతా పన్నెండు వందల పైచిలుకు విద్యార్థులు ‘ఆపిడన్లు’. అంతా 13 నుంచి 18 ఏళ్లలోపు మగపిల్లలే. అంతా హాస్టల్లో ఉండాల్సిందే.

నవంబరులో జరిగే గోడాట ఈ ఇద్దరి మధ్యే. ఆపిడన్లు తమ టోపీలు గోడ అవతలికి విసిరి, గోడ దూకి మైదానంలోకి వస్తారు. కాలేజర్లు చేయీచేయీ పట్టుకుని ఎదురు నడుస్తారు. పన్నెండు వందల మందిలోంచి ఏరుకున్న పదిమందిని 70 మందిలోంచి వచ్చిన పదిమంది నిలువరించాలి. చాలాసార్లు నిలువరిస్తారు కూడా. మన బిహార్‌లోని మోతీహారిలో పుట్టిన రచయిత జార్జ్‌ ఆర్వెల్‌ కూడా కాలేజరే. ఆ గోడ దగ్గర ఒళ్లు గీరుకున్నవాడే!

తడి బాబులూ... పొడి బాబులూ

ఇంకో ఆట పుట్టిన చోటు చూస్తే నవ్వొస్తుంది. ప్రార్థనా మందిరం మెట్ల పక్కన, గోడకు ఊతంగా కట్టిన రెండు రాతి దిమ్మెల మధ్య కాస్త ఖాళీ ఉంది. చర్చి తలుపులు తెరిచేలోపు పిల్లలు అక్కడ అరచేత్తో బంతిని గోడకేసి కొట్టేవాళ్లు. పోనుపోను అదే ‘ఈటన్‌ ఫైవ్స్‌’ అయింది. 1840లో స్కూలు ప్రత్యేకంగా కోర్టులు కట్టించినప్పుడు ఆ మెట్టునీ, ఆ రాతి దిమ్మెనీ కూడా అచ్చం అలాగే కట్టారు. ఇప్పటికీ ఎక్కడ ఫైవ్స్‌ కోర్టు కట్టినా ఆ దిమ్మె ఉండాల్సిందే. మన వీధుల్లో చెత్తకుండీనే వికెట్టుగా పెట్టుకుని పిల్లలు క్రికెట్‌ ఆడతారే... సరిగ్గా అలాగే పుట్టిందన్నమాట!

ఎండాకాలం వస్తే స్కూలు రెండు వర్గాలైపోతుంది. నదిలో పడవలు నడిపేవాళ్లు ‘వెట్‌ బాబ్స్‌’. క్రికెట్‌ ఆడేవాళ్లు ‘డ్రై బాబ్స్‌’. తడి బాబులూ, పొడి బాబులూ! తడి బాబుల్లో మాథ్యూ పిన్సెంట్‌ 1992 నుంచి 2004 దాకా వరసగా నాలుగు ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచాడు. నది చాలడం లేదని స్కూలు దగ్గర్లోని డోర్నీ దగ్గర 2,000 మీటర్ల పొడవున ఏకంగా ఓ సరస్సే తవ్వించుకుంది. 2006లో పూర్తయిన ఆ సరస్సులోనే 2012 లండన్‌ ఒలింపిక్స్‌ పడవ పందేలు జరిగాయి. ఒక బడి తవ్వించిన చెరువులో ఒలింపిక్స్‌!

అయితే ఈటన్‌ ఆటల్లో అసలు కిటుకు పతకాల్లో లేదు, ‘హౌస్‌’లలో ఉంది. సుమారు 1,350 మంది పిల్లల్ని 25 హౌస్‌లుగా విడదీస్తారు. హౌస్‌కు యాభైమందికి అటూ ఇటూ. ప్రతి హౌస్‌కూ రంగులుంటాయి, జట్లుంటాయి. యాభైమందిలోంచే ఫుట్‌బాల్‌కీ, క్రికెట్‌కీ, పరుగుకీ మనుషుల్ని తీయాలి కాబట్టి ఆట అంతంతమాత్రంగా వచ్చినవాడికీ చోటు దొరుకుతుంది. బాగా ఆడేవాడు ఆడతాడు, మిగతావాళ్లు చప్పట్లు కొడతారు అనే పద్ధతి అక్కడ కుదరదు. గోలు పడని గోడాట కూడా నేర్పేది అదే. గెలుపు గ్యారంటీ లేకపోయినా గంటసేపు పక్కవాడి భుజాన్ని వదలకుండా నిలబడటం!

ఆ మాట ఆయన అన్నది కాదు!

వాటర్లూ యుద్ధం ఈటన్‌ ఆటస్థలాల్లోనే గెలిచామని వెల్లింగ్టన్‌ ప్రభువు అన్నట్టు పుస్తకాల్లో కనిపిస్తుంది. 1815లో నెపోలియన్‌ను ఓడించిన సేనాని ఆయన. నిజానికి ఆ మాట ఆయన పోయాకే అచ్చులోకి వచ్చింది. ఆయన ఈటన్‌లో చదివింది 1781 నుంచి మూడేళ్లే. అప్పట్లో స్కూలు దగ్గరుండి ఆడించే ఆటలే లేవు. పిల్లలు వాళ్లంతట వాళ్లు ఆడుకునేవాళ్లు, కొట్టుకునేవాళ్లు.

ఆటను చదువులో భాగం చేసింది పంతొమ్మిదో శతాబ్దం. అల్లరిని అదుపు చేయడానికి ఆటే మంచి మందని హెడ్మాస్టర్లు కనిపెట్టారు. పుస్తకం లేకుండా క్రమశిక్షణ వస్తుందన్నారు. వలస రాజ్యాలను ఏలబోయే అధికారులు మైదానంలోనే తయారవుతారనీ అనుకున్నారు. ఆ పిచ్చి ముదిరి, ఆట రానివాడు మనిషే కాదన్నంత దూరం వెళ్లింది. ఆటల్లో మేటి అయితే బళ్లో రాజే. పుస్తకాల పురుగైతే, బక్కపల్చటివాడైతే ఎగతాళే. అదుపు తప్పితే ఆట కూడా పెత్తనమే అవుతుందని ఆ రోజులు చెబుతాయి.

పెత్తనానికి మైదానంలోనే గట్టి జవాబు దొరికింది. అప్పట్లో ఫుట్‌బాల్‌ అంటే దొరబిడ్డల ఆట. ఈటన్‌ పూర్వవిద్యార్థుల జట్టు 1879లోనూ, 1882లోనూ ఎఫ్‌.ఏ. కప్పు ఎత్తుకుపోయింది. రెండోసారి గెలిచాక కెప్టెన్‌ కినైర్డ్‌ ప్రభువు ఆనందం పట్టలేక తలకిందులుగా చేతులమీద నిలబడ్డాడట. ఆ మరుసటేడు ఫైనల్లో ఎదురుపడింది బ్లాక్‌బర్న్‌ ఒలింపిక్‌. ఆ జట్టు నిండా నేతపనివాళ్లు, నూలు మిల్లు కార్మికులు, ఇనుప ఫౌండ్రీలో పనిచేసేవాళ్లు. ఫౌండ్రీ యజమాని డబ్బిచ్చి కొన్నాళ్లు సముద్ర తీరంలో సాధన చేయించాడు. అదనపు సమయానికి వెళ్లిన ఆ ఆటలో కార్మికులు 2-1తో గెలిచారు. ఆ తర్వాత మరే పెద్ద స్కూలు పూర్వవిద్యార్థుల జట్టూ ఆ కప్పును ముట్టుకోలేదు.

తీరిక దొరికితే, నేల దొరికితే, నేర్పే మనిషి దొరికితే ఎవరి పిల్లలైనా ఆడగలరు. ఆ కప్పు రుజువు చేసింది అదే!

నేల ఎవరిది?

మరి ఈ మూడూ అందరికీ దొరుకుతున్నాయా? బ్రిటన్‌లో ప్రైవేటు స్కూళ్లలో చదివేది నూటికి ఏడుగురే. 2012 ఒలింపిక్స్‌లో బ్రిటన్‌ పతకాలు గెలిచినవాళ్లలో మాత్రం మూడో వంతుకు పైగా అలాంటి స్కూళ్లలో చదివినవాళ్లే. ఒకపక్క ఈటన్‌ సరస్సులు తవ్వుకుంటుంటే, మరోపక్క 1980ల నుంచి అక్కడ ఎన్నో ప్రభుత్వ స్కూళ్ల ఆటస్థలాలు ఇళ్లకూ, దుకాణాలకూ అమ్ముడైపోయాయి. చివరికి మంత్రి అనుమతి లేనిదే స్కూలు మైదానం అమ్మకూడదని 1998లో చట్టం తేవాల్సివచ్చింది. పిల్లల కాళ్లలో సత్తా ఒకటే. తేడా అంతా ఆ కాళ్ల కింది నేలలోనే ఉంది.

ఈ ముచ్చట మనకూ కొత్తది కాదు. హైదరాబాద్‌ బేగంపేటలో ఈటన్‌ను నమూనాగా తీసుకుని 1923లో జాగీర్దార్ల కొడుకుల కోసం ఓ బడి పెట్టారు. జాగీర్లు పోయాక 1951లో అదే హైదరాబాద్‌ పబ్లిక్‌ స్కూల్‌ అయింది. 1980ల చివర్లో అమ్మాయిలూ చేరారు గానీ, అంతకుముందు అది మగపిల్లల బడే. విశాలమైన మైదానాలు. మైక్రోసాఫ్ట్‌ సారథి సత్య నాదెళ్ల ఆఫ్‌స్పిన్‌ వేసింది అక్కడే.

ఆయన 2017లో వచ్చిన తన పుస్తకంలో ఓ మ్యాచ్‌ సంగతి రాశారు. ఆ రోజు ఆయన బంతుల్ని బ్యాట్స్‌మెన్‌ చితకబాదుతున్నారు. కెప్టెన్‌ వచ్చి బంతి తీసుకుని తనే వేశాడు, వికెట్‌ పడగొట్టాడు. అంతటితో ఆగితే మామూలు కెప్టెనే. బంతిని మళ్లీ తెచ్చి నాదెళ్ల చేతిలో పెట్టాడు. ఆ తర్వాత ఆయనకూ వికెట్లు పడ్డాయి. ఓడిపోతున్నవాడి ధైర్యం చెడకుండా చూడటమే నాయకత్వమని తనకు తెలిసింది ఆ రోజేనంటారాయన. అంత పెద్ద సంస్థను నడిపే మనిషికి గుర్తున్న పాఠం ఏ పీరియడ్లోది? ఆటల పీరియడ్లోది!

మన దగ్గర ఆ పీరియడుకు పట్టిన గతి తెలిసిందే. టైంటేబుల్లో ఉంటుంది, పరీక్షల ముందు లెక్కల మాస్టారు అరువు తీసుకుంటారు, తిరిగి ఇవ్వరు. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో ఆరు అంతస్తుల్లో తరగతులుండే బళ్లకైతే అరువు బాధ కూడా లేదు. ఆడటానికి చోటే ఉండదు కాబట్టి! 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఉండాల్సిన వాటిలో గదులూ, మరుగుదొడ్లూ, మంచినీళ్లతోపాటు ఆటస్థలాన్నీ చేర్చింది. ప్రతి తరగతికీ ఆట వస్తువులివ్వాలంది. అంటే అది స్కూలు దయ కాదు, పిల్లల హక్కు.

ఈటన్‌ ఫీజు మనవల్ల కాదు. ఒలింపిక్‌ సరస్సూ అక్కర్లేదు. ఆ రెండు రాతి దిమ్మెల మధ్య ఫైవ్స్‌ పుట్టడానికి కావలసిందల్లా నాలుగు గజాల చోటూ, తలుపు తెరిచేలోపు కాస్త తీరికే. జూన్‌లో అడ్మిషన్‌ కోసం వెళ్లినప్పుడు ర్యాంకులెన్ని, ఏసీ గదులున్నాయా, బస్సు వస్తుందా అని అడుగుతాం. దాంతోపాటు ఇంకో రెండు ప్రశ్నలు కూడా అడగాలి. గ్రౌండు ఎక్కడుంది? మా పిల్లాడు వారంలో ఎన్ని గంటలు అందులో ఉంటాడు?

పదిమంది తల్లిదండ్రులు వరసగా అడిగితే పదకొండోవాళ్లు వచ్చేసరికి జవాబు వెతుక్కోక తప్పదు. బడివాళ్లకైనా!