హోసూరు పెరట్లో తీపి మొక్కజొన్న

వేసవిలో మా హోసూరుకు వచ్చే చుట్టాలు చంద్రచూడేశ్వరుడి కొండ ఎక్కుతారు, కెలవరపల్లి డ్యామ్ చూస్తారు, పొద్దుగూకేలోపు బెంగళూరు బస్సెక్కేస్తారు. 40 కిలోమీటర్లే కదా! మా పెరటి సంగతి వాళ్ళకు తెలియదు.

దాదాపు 3,000 అడుగుల ఎత్తున ఉండబట్టి మే నెలలోనూ మా ఊళ్ళో సాయంత్రాలు చల్లబడతాయి. ఆ ధైర్యంతోనే మార్చి నడుమ తీపి మొక్కజొన్న వేస్తాను. విత్తనాలు ముడుతలు పడి ఉంటాయి. పుచ్చినవనుకుని పారేయకండి, తీపి రకాల గింజ తీరే అంత. గోడవారన ఒకే వరుసగా వేస్తే లాభం లేదు. నాలుగు వరుసలు, వరుసకు నాలుగు మొక్కలు, చదరంగా పెట్టాలి. పైనున్న మగపూత పుప్పొడి గాలికి రాలి కంకుల పీచు మీద పడాలి మరి. పీచులో ఒక్కో పోగు ఒక్కో గింజది. పుప్పొడి అందని పోగు తాలూకు గింజ చోటు బోసిగా మిగిలిపోతుంది.

ఏప్రిల్ చివర్లో చెన్నై నుంచి మనుమడు, మనుమరాలు దిగుతారు. 2006లో వచ్చిన చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది. పిల్లలు తమిళం చక్కగా చదువుతారు, సంతోషమే. తెలుగు మాట్లాడతారు గాని చదవలేరు. క్యారమ్స్, గాలిపటాలు వదిలి "అక్షరాలు దిద్దండి" అంటే ఎవరొస్తారు? అందుకని తోట పుస్తకం ఒకటి పెట్టాను. ఎవరు నీళ్ళు పోస్తే వాళ్ళు రోజుకో వాక్యం తెలుగులో రాయాలి.

2018లో కర్ణాటకలో బయటపడి దేశమంతా పాకిన కత్తెర పురుగు మా పెరటినీ వదల్లేదు. పదహారు మొక్కలకు మందెందుకు? పొద్దున్నే ఆకుసుడుల్లో పురుగులు ఏరడం మనుమడి పని. "పురుగులు 7" అని రాయడానికి వాడు పడ్డ అవస్థ చెప్పలేను, నాలుగక్షరాలకూ కొమ్ములే! మూడో రోజుకు చూడకుండా రాశాడు.

మా వీధిలో తమిళులు మక్కాచోళం అంటారు, కన్నడిగులు ముసుకిన జోళ అంటారు. ఆ పేర్లూ తెలుగు లిపిలో పుస్తకమెక్కాయి. ముసుకంటే మన ముసుగేనని పొత్తు ఒలుస్తూ మనుమరాలు తనే పోల్చుకుంది.

పీచు బయటపడ్డ ఇరవై రోజులకు అది ఎండి గోధుమరంగుకు తిరుగుతుంది. గింజను గోటితో నొక్కితే పాలు చిందాలి. నీళ్ళలా ఉంటే రెండు రోజులు ఆగండి, ముద్దలా ఉంటే ముదిరినట్టే. కోసిన క్షణం నుంచీ అందులోని చక్కెర పిండిపదార్థంగా మారిపోతూ ఉంటుంది. అందుకే మా ఇంట్లో ముందు పొయ్యి మీద ఎసరు పెట్టి, తర్వాతే పెరట్లోకి వెళ్తాం. ఉప్పు కూడా వేయను.

నిరుడు మే చివర్లో కోత. "పొత్తులు 16. అమ్మమ్మకు 2" అని రాశాడు మనుమడు, ఒత్తులన్నీ సరిగ్గా. సంకర రకం కనుక గింజ దాచుకున్నా అదే పంట రాదు, మార్చికి కొత్త పొట్లం కొనాల్సిందే. పుస్తకం ఇక్కడే ఉంచమన్నాను గాని మనుమరాలు వినలేదు, చెన్నైకి పట్టుకుపోయింది.