కమాను పట్టీ గొర్రు

"పట్టీకి వెల్డింగ్ పెట్టకు తమ్మీ, బోల్టు ఎయ్యి."

ఇయ్యాల కోదాడలో ఒక వెల్డింగ్ షాపు ముందు పెద్దాయన అన్న మాట.
చేతిలో పాత లారీ కమాను పట్టీ. కూరగాయల మడి కోసం చిన్న ట్రాక్టర్‌కు గొర్రు చేయించుకుంటున్నడు.

ఎంత లోతైన మాటో!
కమాను ఉక్కు గట్టిది, మట్టిలో తొందరగా అరగదు. కానీ వెల్డింగ్ వేడి తగిలి గబుక్కున చల్లారితే అతుకు పక్కనే పెళుసెక్కి విరుగుతుంది. బోల్టయితే ఆ బాధ లేదు, అరిగిన పట్టీ ఒక్కటే మార్చుకోవచ్చు.
ఈ సంగతి ఆయనకు ఏ కాలేజీ చెప్పలేదు, చేను చెప్పింది.

సూర్యాపేట, కోదాడ రెండూ 65వ నంబరు జాతీయ రహదారి మీదివే. లారీల పాత ఇనుముకు కొదవ లేదు.
మిర్యాలగూడ దిక్కు నాగార్జునసాగర్ ఎడమ కాలువ, వరి పొలాలు.
ఇనుమూ అవసరమూ పక్కపక్కనే ఉన్నయి.

చీరల నేతకు నూలు ఆసు పోసే యంత్రం చేసిన చింతకింది మల్లేశం గారిదీ ఈ ఊళ్లున్న మన పాత నల్లగొండ జిల్లానే. 2017లో పద్మశ్రీ వచ్చింది.
కానీ వెల్డింగ్ షాపుల్లో పుట్టే ఇలాంటి గొర్రులు, గుంటకల కొలతలు ఎవరూ రాసిపెట్టడం లేదు. అది నాకు నిజంగా బాధ.

మీ ఊళ్లో ఎవరైనా ఇట్లా చేయించుకుంటే ఫొటో, కొలతలు కింద పెట్టండి. ఇంకో రైతుకు పనికొస్తయి.