బీదర్ ఆకాశంలో 26 ఏళ్ల ఆలస్యం

హైదరాబాద్ ఐటీ బ్యాచ్‌కి బీదర్ అంటే ఒక రోజు రైడ్. పటాన్‌చెరు, సంగారెడ్డి, సదాశివపేట దాటి జహీరాబాద్ దగ్గర ముంబై హైవే వదిలి కుడివైపు తిరిగితే చాలు. మొత్తం 140 కిలోమీటర్లు కూడా ఉండదు. కోట చూడటం, బహమనీ సుల్తాన్ల సమాధుల దగ్గర ఫొటోలు దిగడం, బిద్రీ షాపులో చిన్న పెన్ స్టాండ్ కొనుక్కుని సాయంత్రానికి తిరిగి వచ్చేయడం... అందరి ప్లానూ ఇదే.

నేను మాత్రం ఒక శుక్రవారం సెలవు పెట్టి వెళ్లా. కారణం కోట కాదు, కోట పైన ఉన్న ఆకాశం. బీదర్‌లో భారత వైమానిక దళానికి పెద్ద శిక్షణ కేంద్రం ఉంది. ఫైటర్ పైలట్ కావాలనుకునే కుర్రాళ్లు, అమ్మాయిలు ఇక్కడే హాక్ అనే జెట్ ట్రైనర్ మీద చెయ్యి తిప్పుకుంటారు. సెలవు రోజు వెళ్తే ఆ సందడి దొరక్కపోవచ్చు. వర్కింగ్ డే అయితే కోట బురుజు మీద నిలబడి ఉండగానే నెత్తి మీద ఉరుము ఉరిమినట్టు ఒక్కటి దూసుకుపోతుంది.

కోట దగ్గర టీ కొట్టు అన్నని అడిగా, "రోజూ ఇంతేనా అన్నా, ఈ సౌండ్?" అని.

"మబ్బు పడితే ఉండదు. సౌండ్ లేని రోజే మాకు కొత్తగా ఉంటది" అన్నాడు గ్లాసులు కడుగుతూనే.

ఆ సౌండ్ ఇక్కడికి రావడానికి ఎన్నేళ్లు పట్టిందో, ఆలోపు ఎంతమంది పోయారో తెలిస్తే మాత్రం అది మామూలు రొదలా అనిపించదు.

స్కూటీ నుంచి సూపర్ బైక్‌కి

1963లో మిగ్-21 మన వైమానిక దళంలో చేరింది. మనకు అదే మొదటి సూపర్‌సానిక్ ఫైటర్. ధ్వనికి రెట్టింపు వేగంతో పోగలదు. మొదటి స్క్వాడ్రన్ చండీగఢ్‌లో మొదలైంది. తర్వాత మన దగ్గరే తయారీ కూడా మొదలైంది. విమానం బాడీ నాసిక్‌లో, ఇంజిన్ ఒడిశాలోని కోరాపుట్‌లో, లోపలి ఎలక్ట్రానిక్స్ మన హైదరాబాద్ బాలానగర్‌లో. రోజూ మనం ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ దాటే ఆ హెచ్ఏఎల్ యూనిట్ 1965లో పుట్టిందే మిగ్ కోసం.

1971 యుద్ధంలో దీని కథలు వింటే సినిమాకి తక్కువ కాదు. డిసెంబర్ 14న ఢాకాలో గవర్నర్ బంగ్లా మీద దాడి చెయ్యమని ఆర్డర్ వచ్చింది. అది ఎక్కడుందో గుర్తుపట్టడానికి పైలట్ల చేతికి దొరికింది ఒక టూరిస్ట్ మ్యాప్! గూగుల్ మ్యాప్స్ లేని రోజుల్లో, కాగితం మడతలు చూసుకుంటూ వెళ్లి రాకెట్లు కొట్టి వచ్చారు. ఆ రోజే గవర్నర్ రాజీనామా చేశాడు.

ఇంత మంచి విమానానికి "ఎగిరే శవపేటిక" అనే పేరు ఎందుకొచ్చింది మరి?

ఇంజినీరింగ్ చదివిన బుర్రతో చూస్తే మొదట కనిపించేది రెక్క. మిగ్-21ది చిన్న త్రికోణం రెక్క. వేగంగా పోయేటప్పుడు అది వరం. ల్యాండింగ్‌లో అదే శాపం. వేగం తగ్గితే లిఫ్ట్ సరిపోదు కాబట్టి ముక్కు బాగా పైకెత్తి, గంటకు 300 కిలోమీటర్ల పైన వేగంతో రన్‌వే మీదికి దించాలి. ముక్కు పైకి లేస్తే ముందున్న రన్‌వే సరిగ్గా కనపడదు. నేలను తాకాక ఆపడానికి వెనక పారాచూట్ విప్పాలి. పైగా ఇంజిన్ ఒక్కటే. పక్షి తగిలినా, ఇంజిన్ ఆగినా పైలట్ దగ్గర ఉండేది కొన్ని సెకన్లు.

రెండోది శిక్షణ. అప్పట్లో కుర్ర పైలట్ కిరణ్ అనే జెట్ మీద నేర్చుకునేవాడు. అది ధ్వని వేగాన్ని అందుకోలేని, చెప్పిన మాట వినే విమానం. అక్కడి నుంచి ఎకాఎకి మిగ్-21. తేజ్‌పూర్‌లో దానికోసమే ఒక యూనిట్ ఉండేది. స్కూటీ నేర్చుకున్నోడికి మర్నాడే సూపర్ బైక్ ఇచ్చి ఘాట్ రోడ్ ఎక్కించినట్టు. మధ్యలో ఒక మెట్టు కావాలి. ఆ మెట్టు లేదు.

మెట్టు కట్టడానికి 26 ఏళ్లు

ఆ మెట్టు కావాలని ఎవరూ అడగలేదా అంటే, అడిగారు. 1982లోనే, తర్వాత వైమానిక దళాధిపతి అయిన డెనిస్ లా ఫాంటెయిన్ కమిటీ, అడ్వాన్స్‌డ్ జెట్ ట్రైనర్ కావాలని చెప్పింది. హాక్ కొనుగోలు ఒప్పందం మీద సంతకాలు పడింది 2004లో. 66 విమానాలు, అందులో 24 బ్రిటన్ నుంచి నేరుగా, 42 బెంగళూరులో తయారీ. బీదర్‌లో అవి లాంఛనంగా చేరింది 2008 ఫిబ్రవరిలో. 1982లో పుట్టిన బాబు 2008కల్లా తనే ఫైటర్ పైలట్ అయిపోయి ఉండొచ్చు!

ఈ మధ్యలో ఏం జరిగిందో అంకెలు చెప్తాయి. 2012లో అప్పటి రక్షణమంత్రి ఏకే ఆంటోనీ పార్లమెంటుకు చెప్పిన లెక్క ఇది: కొన్న మిగ్ విమానాలు 872. ఆ ఏడాది ఏప్రిల్ నాటికి ప్రమాదాల్లో పోయినవి 482. చనిపోయిన పైలట్లు 171 మంది. కింద ఉన్న మామూలు జనం 39 మంది.

ఆ 39 మందిని కాస్త ఆగి చూడండి. 2002లో జలంధర్‌లో ఒక మిగ్-21 వచ్చి బ్యాంకు బిల్డింగ్ మీద పడింది. ఎనిమిది మంది చనిపోయారు. పొద్దున్నే డ్యూటీకొచ్చిన ఉద్యోగులు, పాస్‌బుక్ పట్టుకుని వచ్చిన కస్టమర్లు ఉండే చోటది. ఆంటోనీ లెక్క తర్వాతా ఇది ఆగలేదు. 2023 మేలో రాజస్థాన్‌లోని హనుమాన్‌గఢ్ జిల్లాలో ఒక ఇంటి మీద పడితే ముగ్గురు ఆడవాళ్లు పోయారు. పైలట్ బతికాడు.

నిజం చెప్పాలంటే ఈ అంకెలకి ఇంకో వైపు కూడా ఉంది. వందల విమానాలు, అరవై ఏళ్లపాటు, అంతగా ఎగిరితే ప్రమాదాల సంఖ్య కూడా పెద్దగానే కనిపిస్తుంది. రిటైరైన పైలట్లు చాలామంది ఇప్పటికీ ఆ విమానాన్ని ప్రేమగానే తలుచుకుంటారు. కానీ అన్నేళ్లు ఎందుకు ఎగరాల్సి వచ్చింది? దాని బదులు రావాల్సిన తేజస్ ప్రాజెక్టు 1983లో మొదలైతే మొదటిసారి ఎగిరింది 2001లో, స్క్వాడ్రన్‌లో చేరింది 2016లో. మన ఆఫీసుల్లో కొత్త సిస్టమ్ లేటయితే పాతదానికే ప్యాచ్‌లు వేస్తూ పోతాం కదా, అక్కడా అంతే. కొత్త రాడార్, కొత్త మిసైళ్లు పెట్టి బైసన్ అన్నారు. రెక్క అదే, ఒక్క ఇంజినూ అదే. మన సర్వర్ పడిపోతే రీస్టార్ట్ చేస్తాం. అక్కడ ఆ బటన్ లేదు.

గవాన్ మీద పడ్డ నింద

బీదర్ ఊరి నడిబొడ్డున మహమూద్ గవాన్ మదర్సా ఉంది. 1472 నాటిది. 1696లో లోపల దాచిన తుపాకీ మందు పేలి ముందుభాగం చాలావరకు కూలిపోయింది. రెండు మినార్లలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే. దాని మీద ఇంకా అతుక్కుని ఉన్న రంగు పలకలు చూస్తే, మొత్తం ఉన్నప్పుడు ఎలా మెరిసిందో ఊహించుకోవచ్చు.

దీన్ని కట్టించిన గవాన్ బహమనీ రాజ్యానికి ప్రధాని. గిట్టనివాళ్లు అతని ముద్రతో దొంగ ఉత్తరం సృష్టించారు. 1481లో సుల్తాన్ విచారణ లేకుండా తల నరికించాడు. తర్వాత నిజం తెలిసింది, కానీ మనిషి లేడు.

ఆ మినార్ కింద నిలబడితే నాకు గుర్తొచ్చింది "పైలట్ ఎర్రర్" అనే రెండు మాటలు. విమానం కూలితే తనవైపు కథ చెప్పుకోవడానికి చాలాసార్లు పైలట్ ఉండడు. తప్పు పైలట్‌ది కావచ్చు కూడా. కానీ ఆ తప్పు వెనక ఇవ్వని శిక్షణ ఉంటే, ఆ లైను కూడా రిపోర్టులో ఉండాలి కదా. కొడుకు పేరు మీద పడ్డ ఆ రెండు మాటల్ని చెరపడానికి ఏళ్ల తరబడి ఉత్తరాలు రాసిన తల్లిదండ్రులు మన దేశంలో ఉన్నారు. 2006లో వచ్చిన 'రంగ్ దే బసంతీ' కథ పుట్టింది అలాంటి బాధలోంచే. సినిమా వల్లే ప్రభుత్వం కదిలిందని చాలామంది అనుకుంటారు గానీ, హాక్ ఒప్పందం అప్పటికే అయిపోయింది.

ఇప్పుడు

2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21 చివరిసారి ఎగిరింది. మొదలైన చోటే వీడ్కోలు. నీళ్ల ఫిరంగులతో సెల్యూట్ చేశారు.

హాక్ వచ్చింది కాబట్టి ప్రమాదాలే ఉండవని కాదు. చేరిన రెండు నెలలకే, 2008 ఏప్రిల్‌లో ఇదే బీదర్‌లో ఒకటి టేకాఫ్‌లో కూలింది. పైలట్లు బయటపడ్డారు. 2023 డిసెంబర్‌లో మన మెదక్ జిల్లా తూప్రాన్ దగ్గర పిలాటస్ ట్రైనర్ కూలి ఇద్దరు చనిపోయారు. నేర్చుకోవడంలో రిస్క్ ఎప్పుడూ సున్నా కాదు. తగ్గించగలిగి కూడా తగ్గించకుండా గడిపిన ఏళ్లే తప్పు.

మీరు వెళ్లాలనుకుంటే వర్కింగ్ డే చూసుకుని, పొద్దున్నే బయల్దేరండి. బిద్రీ పనివాళ్ల దగ్గర పది నిమిషాలు కూర్చోండి, కోట మట్టితో రుద్దితే లోహం నల్లగా మారడం కళ్ల ముందే చూడొచ్చు. ఎయిర్ బేస్ పరిసరాల్లో మాత్రం ఫొటోలు, వీడియోలు, డ్రోన్లు వద్దు. పైన జెట్ వినిపించినప్పుడు ఫోన్ జేబులోనే ఉంచి తలెత్తి చూడండి. అందులో ఉన్నది మీ వయసువాళ్లో, మీ చెల్లి, తమ్ముడి వయసువాళ్లో అయి ఉంటారు.