దస్తఖత్ లేని గోడ

మా నానా ఇంటి దాలాన్ గోడ మీద బొగ్గుతో గీసిన ఓడ ఒకటుంది. నిజాం ఫౌజులో మలయా వెళ్లి, ఖైదు తిని తిరిగొచ్చిన నానాయే గీశారని మామూ వాదన. "అబ్బాకి బొమ్మలెక్కడ వచ్చు? సున్నాలేసే మేస్త్రి కొడుకు గీసుంటాడు," అంటుంది ఖాలా. నానా ఏ సంగతీ చెప్పకుండానే ఇంతెఖాల్ అయిపోయారు. 1941 డిసెంబరులో కోటా భారు విమానాశ్రయం దగ్గర హైదరాబాద్ పల్టన్ కాపలా ఉండేదని నేను పుస్తకాల్లోనే చదివాను.

ఈ ఝగ్డా జరిగినప్పుడల్లా నాకు సింగపూర్‌లోని చాంగీ గోడలు యాదికొస్తాయి. 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ వశమైంది. రెండ్రోజులకే హిందుస్తానీ సిపాయిల్ని ఫారర్ పార్కుకి రమ్మని వేరు చేశారు. తెల్ల ఖైదీలు చాంగీ వైపు నడిచారు. అక్కడి రాబర్ట్స్ బ్యారక్స్‌లో, దవాఖానాగా మార్చిన 151వ బ్లాకులో చిన్న ప్రార్థన గది ఉండేది. స్టాన్లీ వారెన్ అనే బ్రిటిష్ ఫిరంగి దళం సిపాయి ఆ గది గోడల మీద బైబిల్ కథల్లోంచి ఐదు పెద్ద తస్వీరులు వేశాడు. మనిషి చూస్తే జిగట విరేచనాలు, మూత్రపిండాల జబ్బుతో లేవలేని స్థితి. రంగులా, మిలిటరీ వాళ్ల గోధుమ రంగు పెయింటు, కాస్త తెలుపు, ఎరుపు. నీలం కోసం బిలియర్డ్స్ చాక్ నూరుకున్నాడట! శిలువ బొమ్మలో చంపేవాళ్లకి మాఫీ అడిగే మాట రాశాడు. జపాన్ వాళ్ల చేతిలో ఖైదీగా ఉండి. ఆ జిగర్ నాకు లేదు.

పేరు మాత్రం రాయలేదు.

తర్వాత ఆ గది సామాను కొట్టు అయింది. గోడలకి డిస్టెంపర్ పూశారు, తలుపు కోసం ఒక తస్వీర్ కింది భాగం పగలగొట్టారు. 1958లో పూత కింద బొమ్మలు బయటపడితే, ఎవరు గీశారో చెప్పేవాళ్లు లేరు. ఖైదీల ప్రార్థన స్థలాల గురించిన ఒక కితాబులో పేరు దొరకబట్టి సరిపోయింది. 1959కల్లా లండన్‌లో డ్రాయింగ్ మాస్టరుగా ఉన్న వారెన్‌ని పట్టుకున్నారు. ఆయన సంతోషంగా ఏమీ పరుగెత్తలేదు, ఆ రోజుల్ని మళ్లీ తవ్వుకోవడం ఇష్టంలేక వెనకాడాడు. చివరికి 1963లో వచ్చి బాగు చేశాడు, 1982లో, 1988లో మళ్లీ వచ్చాడు. పగిలిన తస్వీర్ కింద ఏముండేదో మాత్రం ఆయనకే గుర్తు రాలేదు. గీసిన చేతికే యాది లేనప్పుడు మామూ, ఖాలాల గవాహీ ఎంత?

వారెన్ పేరు కితాబుకెక్కింది. ఫారర్ పార్కుకి నడిచిన మనవాళ్లు ఏ గోడ మీద ఏం గీశారో?

ఈ రంజాన్ ముందు ఇంటికి రంగులేయిస్తున్నాం. నిన్న ఖాలాయే ఫోన్ చేసింది, ఓడ ఉన్న చోట బ్రష్ తగలనివ్వొద్దని.

"మేస్త్రి కొడుకు గీసిందేగా, ఖాలా?" అన్నాను.

ఫోన్ పెట్టేసింది.