ఊరంతా ఒకే ఇల్లు

బదిలీ అయిన ప్రతిసారీ మా సామానులో చివరగా లారీ ఎక్కేదీ, అందరికంటే ముందు దిగేదీ మా అమ్మాయి అట్టపెట్టె. రంగు పెన్సిళ్ళు, కథల పుస్తకాలు, పాత స్నేహితులు సంతకాలు చేసిన తెల్ల చొక్కా అందులో ఉంటాయి. పన్నెండేళ్ళలో నాలుగు బదిలీలు చూసిన ఇల్లు మాది. తొమ్మిదో తరగతిలో మన వైపు నుంచి ఉత్తరాది విద్యాలయాలకు వచ్చే మైగ్రేషన్ పిల్లలకు తెలుగు చెబుతూ మధ్యప్రదేశ్, బీహార్ తిరిగాం. ఏ క్వార్టర్‌కు వెళ్ళినా ఆ సాయంత్రానికల్లా పెట్టె విప్పేసేది. ఈ ఏప్రిల్‌లో మాత్రం టేపు వేసినట్టే ఉండిపోయింది.

"ఎందుకమ్మా విప్పడం? మళ్ళీ కట్టాలిగా" అంది.

ఎనిమిదో తరగతి పిల్ల. కొత్త బడిలో ఒక్కరి పేరైనా ఇంట్లో చెప్పలేదు. "సర్దుకుపోవాలి తల్లీ, నెమ్మదిగా అలవాటవుతుంది" అని చెబుతూ వచ్చాం. ప్రతి ఊళ్ళోనూ చెప్పిన మాటే అది.

మా మరిది ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. "వేసవి సెలవులకు అందరూ రండి, అమ్మను వేడినీళ్ళ ఊటల ఊరికి తీసుకెళ్దాం" అని ఎప్పటినుంచో పిలుస్తున్నాడు. ఏడాదిగా దాచుకున్నది కొంత, మరిది వేసింది కొంత కలిపి టికెట్లు తీసుకున్నాం. విదేశయానానికి అనుమతి పత్రం చేతికి రాగానే అత్తయ్య మామిడికాయ పచ్చడి సీసాకు గుడ్డ కట్టింది.

ఒసాకా నుంచి ఉత్తరంగా రైల్లో మూడు గంటల లోపు ప్రయాణం. ఊరి పేరు కినోసాకి. నడుమ సన్నని ఏరు, ఏటి మీద వంపు తిరిగిన రాతి వంతెనలు, రెండు ఒడ్డులా నీళ్ళ మీదికి వంగిన చెట్లు, వాటి వెనక రెండు మూడంతస్తుల చెక్క సత్రాలు. ఊళ్ళో అందరికీ ఉమ్మడిగా ఏడు స్నానశాలలున్నాయి. సత్రంలో దిగగానే వాటన్నిటికీ చెల్లే చీటీ ఇస్తారు. యుకాతా అనే నూలు అంగరఖా, గెతా అనే చెక్క చెప్పులు కూడా వాళ్ళే ఇస్తారు. అవి వేసుకుని వీధుల్లో టకటకలాడుతూ ఒక స్నానశాల నుంచి ఇంకో స్నానశాలకు తిరగడమే అక్కడి విహారం.

యుకాతాకు ఎడమ అంచు పైకి రావాలట. అత్తయ్య కుడి అంచు పైకి వేసుకుంది. సత్రం ఆవిడ కంగారుగా పరుగెత్తుకొచ్చి మార్చి కట్టింది. ఎందుకని అడిగితే మరిది నసిగాడు. చివరికి, అలా కట్టేది చనిపోయిన వాళ్ళకని చెప్పాడు. "ఇంకా టైముందిలేరా" అని అత్తయ్య పకపకా నవ్వింది.

ఆ ఊరివాళ్ళు తమ ఊరిని ఒకే ఇల్లంటారు. రైల్వే స్టేషన్ వీధిగుమ్మం, వీధులు వసారాలు, సత్రాలు గదులు, ఊటలు స్నానాలగది. యుకాతా మీది అచ్చు చూసి ఎవరు ఏ సత్రంలో దిగారో చెప్పేస్తారు. "మన హౌస్ టీషర్టుల్లాగా" అన్నారు మావారు. అమ్మాయి నవ్వలేదు.

ఆడవాళ్ళ స్నానశాలకు మేము ముగ్గురం వెళ్ళాం. నీళ్ళలోకి బట్టలతో దిగకూడదు. ముందు చిన్న పీట మీద కూర్చుని ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి, సబ్బు చుక్క తొట్టిలో పడకూడదు, చేతి తువ్వాలు నీళ్ళలో ముంచకూడదు. గుమ్మం దగ్గరే బిగుసుకుపోయాం. ముందు కదిలింది అత్తయ్యే. "పుష్కరాల రేవులో ఎవరు ఎవర్ని చూశారే? నీళ్ళు నీళ్ళే" అని గోడ పట్టుకుని లోపలికి నడిచింది. ఓ జపాను ముసలావిడ ఆమె కాళ్ళు చూసి చెంబు అందించింది. ముందు మోకాళ్ళ మీద కొంచెం కొంచెంగా పోసుకొమ్మని చేత్తో చూపించింది. ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. ఈవిడ తెలుగులో, ఆవిడ జపనీసులో మోకాళ్ళ గురించి చెప్పుకున్నారు. ఎక్కడా తడబడలేదు.

ముసలావిడ మనవరాలు మా అమ్మాయి ఈడుదే. తడవకుండా తువ్వాలు నెత్తిన పెట్టుకోవడం అక్కడి అలవాటు. మా అమ్మాయిది జారి జారి పడుతోంది. ఆ పిల్ల దగ్గరికొచ్చి, నాలుగు మడతలు వేసి నిలబెట్టి చూపింది. ఇద్దరూ కిసుక్కుమన్నారు. బయటికొచ్చాక "పేరు అడిగావా?" అన్నాం.

"ఎందుకు? ఎల్లుండి వెళ్ళిపోతాంగా" అంది.

ఏటి ఒడ్డున నడుస్తుంటే మరిది ఊరి సంగతులు చెప్పాడు. 1925 మే 23న భూకంపం వచ్చింది. మధ్యాహ్నం వంటకు పొయ్యిలు వెలిగించిన వేళ కావడంతో మంటలు లేచి ఊరు కాలిపోయింది. మళ్ళీ కట్టుకునేటప్పుడు వీధులూ ఏరూ వెడల్పు చేయడానికి జనం తమ స్థలాల్లోంచి కొంత వదులుకున్నారు. 1927లో ఒక సత్రం తన లోపలే స్నానాలతొట్టి పెట్టుకుంటే, ఊట ఊరందరిదీ అని తగవు మొదలైంది. కోర్టుకెక్కిన ఆ తగవు రాజీ అయ్యేసరికి 1950 వచ్చింది. సత్రాల్లో చిన్న తొట్లు ఉండొచ్చు, కానీ నీరు మాత్రం ఊరి ఉమ్మడి ఆస్తి. ఒకే ఇల్లు అన్న మాట వెనక ఇంత పోట్లాట ఉందని అప్పుడు తెలిసింది.

మర్నాడు పక్కనే ఉన్న తొయొఓకాకు, కొంగల్ని చూడటానికి వెళ్ళాం. కాలి గాయాన్ని ఊటలో నానబెట్టుకుని మాన్పుకున్న కొంగను చూసి జనం ఆ వేడినీళ్ళను కనిపెట్టారని కినోసాకిలో ఒక కథ చెబుతారు. కోనొయు అనే స్నానశాలకు ఆ పేరు అలాగే వచ్చింది. మనిషి నడుము దాటిన ఎత్తు, తెల్లటి ఒళ్ళు, నల్లటి రెక్కల చివరలు. జపానులో స్వేచ్ఛగా తిరిగిన ఈ జాతి కొంగల్లో చివరిది 1971లో అక్కడే చనిపోయింది. 1985లో సోవియట్ రష్యాలోని ఖబారొవ్‌స్క్ ప్రాంతం నుంచి ఆరు కుర్ర కొంగల్ని తెచ్చి పెంచారు. 1989లో పిల్లలు పుట్టాయి. 2005లో అయిదింటిని ఆకాశంలోకి వదిలారు.

"వాటినెవరైనా అడిగారా, ఇక్కడికొస్తారా అని?" అంది మా అమ్మాయి.

మేమెవరం బదులు చెప్పలేకపోయాం. కొంగ మాత్రం పొలంలో ఒక్కో అడుగూ ఎత్తి వేస్తూ తిరుగుతోంది. కాసేపటికి మరిది అందుకున్నాడు. "అడగలేదు. కానీ తెచ్చి వదిలేయలేదు. ముందు రైతులు పురుగుమందులు తగ్గించారు. కప్పలూ చేపలూ బతకాలని పొలాల్లో నీళ్ళు నిలబెట్టారు. కొంగ తినడానికేమైనా ఉండాలి కదా."

అమ్మాయి చాలాసేపు పొలంకేసి చూసింది. మేము అమ్మాయికేసి చూశాం. నాలుగు ఊళ్ళలోనూ దాన్ని సర్దుకోమన్నాం. దానికోసం మేము మార్చుకున్నది ఏమిటని వెతికితే ఒక్కటీ గుర్తు రాలేదు. అమ్మానాన్నల్ని వదిలి, భాష తెలియని చోటికి ట్రంకుపెట్టెతో దిగే మైగ్రేషన్ పిల్లలకు కూడా మొదటి రోజు మేము చెప్పేది ఆ మాటే.

ఆ రాత్రి వంతెన మీద తువ్వాలు పిల్ల కనిపించి చెయ్యి ఊపింది. మా అమ్మాయి గెతా చప్పుడు చేస్తూ అవతలికి పరుగెత్తింది. దీపాల వెలుగులో ఇద్దరూ ఒకరి అరచేతిలో ఒకరు వేలితో ఏదో రాసుకున్నారు. తిరిగొచ్చాక "పేరు చెప్పింది" అంది. ఏమిటో మాకు చెప్పలేదు. మేమూ అడగలేదు.

సెలవులు అయిపోయి వచ్చేశాం. అత్తయ్య మోకాళ్ళు మళ్ళీ ఎప్పటిలాగే ఉన్నాయి. ఆ ముసలావిడ మాత్రం బాగా గుర్తుందంటుంది. ఈసారి మైగ్రేషన్ పిల్లలు దిగేలోపు కొన్ని పనులు చేశాం. స్థానిక పిల్లలకు "రా", "కూర్చో", "తిన్నావా" వంటి ఇరవై తెలుగు మాటలు నేర్పాం. మెస్‌వాళ్ళతో మాట్లాడి మొదటి వారం రాత్రిపూట చారు పెట్టించాం. బస్సు దిగిన పిల్లల్లో ఒకడు "తిన్నావా?" అని వినగానే వెనక్కి తిరిగి చూసిన చూపు మాకు చాలు.

ఇంట్లో కూడా ఓ పని చేశాం. "మీ గదిలో ఏం మార్చమంటావు?" అని అమ్మాయిని మొదటిసారి అడిగాం. చాలాసేపు ఆలోచించి, గోడకు మేకు కొట్టమంది. మళ్ళీ పీకాలిగా అని ఏ క్వార్టర్లోనూ గోడకు మేకు కొట్టని వాళ్ళం మేము. మావారు సుత్తి తెచ్చి, అది చూపించిన చోట కొట్టారు. కినోసాకి తువ్వాలు దానికి తగిలించింది.

అట్టపెట్టె ఇంకా మంచం కిందే ఉంది. మొన్న ఊడుస్తుంటే చూశాం, ఒకవైపు టేపు ఊడి ఉంది. పెన్సిళ్ళు లేవు.